పూత మందు ఎప్పుడు పనిచేస్తుంది?

ఒంటి మీద దురద పుడుతుంది. తలలో పేలు పడతాయి. నడుము దగ్గర తామర లేస్తుంది. వీటిని చాలామంది జబ్బులుగా లెక్కపెట్టరు. "ఒళ్ళు కదా, అదే తగ్గిపోద్ది" అనుకుంటారు. దురద భరించలేనప్పుడు మందుల షాపుకు పోతారు. "దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వండి" అని అడుగుతారు. షాపాయన ఒక ట్యూబు ఇస్తాడు. నాలుగు రోజులు రాస్తారు. దురద తగ్గుతుంది. రాయడం మానేస్తారు. నెల తిరగకముందే దురద మళ్ళీ మొదలు.

ఎందుకిలా అవుతోంది? మందు మంచిది కాదా? రాసిన తీరు సరిగా లేదా? జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి రాశారా? ఈ మూడూ తెలుసుకుంటే ఒళ్ళు బాగుపడుతుంది. డబ్బూ మిగులుతుంది.

1. చర్మం ఇంటి గోడ లాంటిది

చర్మం మన ఒంటికి గోడ. బయటి దుమ్ము, నీళ్ళు, క్రిములు లోపలికి రాకుండా అది కాపాడుతుంది. మనం రాసే మందును కూడా ఆ గోడ అంత సులువుగా లోపలికి పోనివ్వదు. అందుకే పూత మందు ముఖ్యంగా రాసిన చోటే పనిచేస్తుంది.

జబ్బు చర్మం పై పొరల్లో ఉంటే పూత మందు దానికి అందుతుంది. గజ్జి, తామర, పేలు, చుండ్రు అలాంటివే. జబ్బు చర్మం లోపల ఉంటే, నరాల్లో ఉంటే, వెంట్రుక కుదుళ్ళ లోతుల్లో ఉంటే పూత మందు ఒక్కటే చాలదు. అప్పుడు మింగే మందు కావాలి. రక్తం తక్కువై జుట్టు రాలుతుంటే తలకు ఏ నూనె రాసినా రక్తం పెరగదు.

కాబట్టి ముందు జబ్బు ఏదో తెలియాలి. ఆ తరువాతే మందు.

2. గజ్జి: ఒక్కరికి కాదు, ఇంటిల్లిపాదికీ మందు

గజ్జి ఒక చిన్న పురుగు వల్ల వస్తుంది. అది ఆవగింజ కన్నా చాలా చిన్నది. కంటికి సరిగా ఆనదు. ఆడపురుగు చర్మం పై పొరలో సన్నని సొరంగం తవ్వుతుంది. అందులో రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో అవి పిల్లలవుతాయి.

గజ్జి దురద రాత్రిపూట ఎక్కువ. వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద, చంకల్లో, బొడ్డు చుట్టూ, నడుము దగ్గర, రొమ్ముల కింద, మర్మాంగాల దగ్గర చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. చంటిపిల్లలకు అరచేతుల్లో, అరికాళ్ళలో, తల మీద కూడా వస్తాయి.

ఒక ఊళ్ళో పొదుపు సంఘం మీటింగు జరుగుతోంది అనుకుందాం. నర్సమ్మ వచ్చింది. ఒక ఇంటి అత్త, కోడలు ఆమెను అడుగుతున్నారు.

"నర్సమ్మా, మా చిన్నోడికి గజ్జి. మందు రాస్తే తగ్గుతుంది. మళ్ళీ వస్తుంది. మూడుసార్లు అయింది" అంది కోడలు.

"మందు ఎవరెవరికి రాశావమ్మా?"

"వాడికే. వాడికే కదా గజ్జి."

"రాత్రి వాడు ఎవరి పక్కన పడుకుంటాడు?"

"మా అత్త పక్కన."

"పెద్దమ్మా, నీకు దురద ఉందా?"

"నాకేం లేదమ్మా. ఈ వయసులో నాకెందుకొస్తుంది?" అంది అత్త.

"వయసుతో పని లేదు పెద్దమ్మా. గజ్జి మొదటిసారి అంటుకున్నప్పుడు దురద వెంటనే రాదు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల పురుగు ఒంటి మీద ఉంటుంది. పక్కన పడుకున్న వాళ్ళకు అంటుకుంటుంది. నీకు దురద లేకపోయినా పురుగు ఉండొచ్చు. మనవడికి మందు రాస్తే వాడి ఒంటి మీద పురుగు చస్తుంది. రాత్రి నీ పక్కన పడుకుంటే నీ దగ్గరి పురుగు మళ్ళీ వాడికి ఎక్కుతుంది."

అత్త కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే నా వల్లే వాడికి తగ్గడం లేదా?" అంది.

"ఎవరి వల్లా కాదు పెద్దమ్మా. మందు ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోకపోవడం వల్ల."

గజ్జికి ఇప్పుడు ఎక్కువగా వాడే పూత మందు పెర్మెత్రిన్. గజ్జికి వాడేది 5 శాతం మందు. అంటే 100 గ్రాముల ట్యూబులో 5 గ్రాములు అసలు మందు. దీన్ని రాసే పద్ధతి ఇది.

రాత్రి స్నానం చేసి ఒళ్ళు తుడుచుకోవాలి. ఒళ్ళు ఆరాక మందు రాయాలి. మెడ నుంచి కాలి గోళ్ళ దాకా అంతటా రాయాలి. పొక్కులు ఉన్నచోటే రాస్తే చాలదు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, చంకలు, బొడ్డు, పిరుదుల మధ్య, అరికాళ్ళు ఏదీ వదలకూడదు. పెద్దవాళ్ళకు ఒకసారికి 30 గ్రాముల ట్యూబు దాదాపు ఒకటి పడుతుంది. చంటిపిల్లలకు తలకు, ముఖానికి కూడా రాయాల్సి ఉంటుంది. కళ్ళలో, నోట్లో పడకూడదు. అందుకని చంటిపిల్లలకు నర్సమ్మను అడిగే రాయాలి. ఎనిమిది గంటల నుంచి పద్నాలుగు గంటల దాకా మందు ఒంటి మీదే ఉండాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్ళీ రాయాలి. పొద్దున స్నానం చేయాలి. వారం తరువాత మళ్ళీ ఒకసారి ఇలాగే రాయాలి. మొదటిసారి చావకుండా మిగిలిన గుడ్లు ఆ లోపల పిల్లలవుతాయి. రెండోసారి రాసే మందు వాటి కోసం.

ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. దురద ఉన్నా లేకపోయినా రాసుకోవాలి. ఆ పూట కట్టుకున్న బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఉతకలేని బొంతను సంచిలో మూట కట్టి వారం రోజులు పక్కన పెట్టాలి. మనిషి ఒంటి మీద నుంచి దిగితే గజ్జి పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. మందు రాసిన తరువాత కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. పురుగు చచ్చినా దాని చెత్త చర్మంలో ఉంటుంది. అది పోయేదాకా దురద ఉంటుంది. "మందు పనిచేయలేదు" అని రోజూ రాస్తే చర్మం మండుతుంది. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే, కొత్త పొక్కులు లేస్తుంటే ఆసుపత్రికి పోవాలి.

బెంజైల్ బెంజోయేట్ అనే మందు కూడా ఉంది. అది కాస్త మండుతుంది. పిల్లలకు నీళ్ళు కలిపి పలచన చేసి రాయాలి. గంధకం మలాము చాలా పాతకాలపు మందు. వాసన బాగుండదు. కానీ గర్భిణీలకు, చంటిపిల్లలకు డాక్టర్లు దాన్ని ఇస్తుంటారు.

"మా అమ్మమ్మ వేపాకు, పసుపు నూరి రాసేది. అది పనిచేయదా?" అని కోడలు అడిగింది.

దీన్ని కూడా కొందరు పరీక్ష చేసి చూశారు. 1992లో అచ్చయిన ఒక పరిశీలనలో 814 మందికి వేపాకు, పసుపు ముద్ద రాశారు. 3 నుంచి 15 రోజుల్లో నూటికి 97 మందికి తగ్గిందని రాశారు. ఇది మంచి కబురే. అయితే అది తొలి పరిశీలన మాత్రమే. ఒక మందు గట్టిదని చెప్పాలంటే ఇంకో మందుతో పోల్చి చూడాలి. ఏడాది తరువాత మళ్ళీ చూడాలి. పెర్మెత్రిన్‌ను అలా చాలా చోట్ల పరీక్షించారు. అందుకే డాక్టర్లు ముందు దాన్ని ఇస్తారు.

3. ఫిజీ దీవుల్లో ఏం తేలింది?

ఫిజీ సముద్రం మధ్యలో ఉన్న దేశం. అక్కడ గజ్జి చాలా ఎక్కువ. 2012లో అక్కడి మూడు దీవుల్లో మూడు పద్ధతులు పెట్టి చూశారు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

మొదటి దీవిలో గజ్జి ఉన్నవాళ్ళకు, వాళ్ళ ఇంట్లో వాళ్ళకు మాత్రమే పూత మందు ఇచ్చారు. అక్కడ నూటికి 37 మందికి ఉన్న గజ్జి ఏడాదికి 19 మందికి తగ్గింది.

రెండో దీవిలో జబ్బు ఉన్నా లేకపోయినా ఊరందరికీ పెర్మెత్రిన్ పూత ఇచ్చారు. అక్కడ నూటికి 42 మందికి ఉన్న గజ్జి 16 మందికి తగ్గింది.

మూడో దీవిలో ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ అనే మింగే మాత్ర ఇచ్చారు. అక్కడ నూటికి 32 మందికి ఉన్న గజ్జి 2 మందికి తగ్గింది.

దీన్ని బట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, గజ్జి ఒక్క మనిషి జబ్బు కాదు. అందరూ కలిసి ఒకేసారి మందు వాడితేనే అది బాగా తగ్గుతుంది. రెండు, పూత మందు ఒళ్ళంతా సరిగా రాసుకోవడం కష్టం. మాత్ర మింగడం తేలిక. అయితే ఆ మాత్ర అందరికీ పనికిరాదు. గర్భిణీలకు, 15 కిలోల కన్నా తక్కువ బరువున్న పిల్లలకు ఇవ్వరు. డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

గజ్జిని నిర్లక్ష్యం చేయకూడదు. గోకిన చోట పుండు పడుతుంది. చీము పడుతుంది. ఆ చీము క్రిముల వల్ల కొందరు పిల్లలకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. గజ్జి పుండ్లు ఉన్న పిల్లవాడికి ముఖం వాచినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

4. తామర: దురద తగ్గింది, జబ్బు పెరిగింది

తామర బూజు జాతి క్రిమి వల్ల వస్తుంది. చెమ్మ ఉన్న చోట రొట్టెకు బూజు పట్టినట్టే, చెమట నిలిచే చోట ఒంటికి తామర పడుతుంది. గుండ్రంగా ఉంటుంది. అంచు ఎర్రగా, కాస్త ఎత్తుగా ఉంటుంది. మధ్యలో తగ్గినట్టు కనపడుతుంది. ఆడవాళ్ళకు లంగా బొందు కట్టే చోట, తొడల మధ్య, రొమ్ముల కింద ఎక్కువగా వస్తుంది. నాట్లు వేసేవాళ్ళకు, రోజంతా తడిలో పనిచేసేవాళ్ళకు కాలి వేళ్ళ మధ్య పాస్తుంది.

దీనికి క్లోట్రిమజోల్, మైకోనజోల్, టెర్బినఫైన్ లాంటి పూత మందులు ఉన్నాయి. ఇవి బూజును చంపుతాయి. వీటిని మచ్చ మీద మాత్రమే రాస్తే చాలదు. మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు దాకా చుట్టూ రాయాలి. మంచిగా కనపడే చర్మంలో కూడా బూజు పాకి ఉంటుంది. డాక్టరు చెప్పినన్ని రోజులు రాయాలి. మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. దురద పోగానే ట్యూబు పక్కన పడేస్తారు. బూజు మళ్ళీ మొలుస్తుంది.

ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. షాపులో "దురదకు" అని ఇచ్చే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ అనే మందు కలిసి ఉంటుంది. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్ అనేవి స్టెరాయిడ్ పేర్లు.

మీటింగులో ఉన్న ఒక చెల్లెలు అడిగింది. "అక్కా, నేను రాసింది అలాంటిదే. రెండు రోజుల్లో దురద పోయింది. మరి మంచిదే కదా?"

నర్సమ్మ చెప్పింది. "మీ ఇంట్లో దొంగ పడ్డాడు అనుకో చెల్లీ. కుక్క మొరుగుతోంది. నువ్వు దొంగను పట్టుకోకుండా కుక్కను నిద్రపుచ్చావు. మొరగడం ఆగింది. నువ్వు హాయిగా పడుకున్నావు. దొంగ మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. దురద, ఎరుపు ఆ కుక్క లాంటివి. మన ఒళ్ళు బూజుతో పోరాడుతుంటే దురద వస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది. బూజుకు ఇక అడ్డం ఉండదు. తొడ నుంచి పొట్టకు, పొట్ట నుంచి వీపుకు పాకుతుంది."

ఆ చెల్లెలు తల వంచుకుంది. "నిజమే అక్కా. ముందు రూపాయి బిళ్ళంత ఉండేది. ఇప్పుడు నడుమంతా ఉంది. ఎవరికీ చూపించలేక ఊరుకున్నా" అంది.

ఇది ఆమె ఒక్కతె బాధ కాదు. కొన్నేళ్ళుగా మన దేశంలో మొండి తామర చాలా పెరిగింది. మామూలు మందులకు లొంగని బూజు రకాలు కూడా వచ్చాయి. తెలిసీ తెలియక స్టెరాయిడ్ ట్యూబులు రాయడం తామర మొండికేయడానికి ఒక కారణమని చర్మ వైద్యులు చెబుతున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నియమం పెట్టింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి.

స్టెరాయిడ్ పూతను నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. తొడల మీద, చంకల్లో చారలు పడతాయి. ఆ చారలు పోవు. ముఖానికి రాస్తే ముఖం ఎర్రబడుతుంది. మొటిమలు వస్తాయి. నూగు వెంట్రుకలు మొలుస్తాయి. రంగు తేలడానికని కొందరు ఆడపిల్లలు ఇలాంటి ట్యూబులే ముఖానికి రాస్తున్నారు. ఎండలోకి పోతే మండుతుంది. మానేస్తే ఇంకా ఎక్కువ అవుతుంది. చాలా కాలం రాసినవాళ్ళు డాక్టరును అడిగి మానాలి.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. కొన్ని చర్మ జబ్బులకు అదే సరైన మందు. డాక్టరు చూసి, ఎన్ని రోజులు రాయాలో చెప్పి ఇస్తాడు. తామరకు మాత్రం అది పనికిరాదు.

తామర ఉన్నవాళ్ళు తువ్వాలు వేరుగా పెట్టుకోవాలి. స్నానం చేశాక సందులన్నీ పొడిగా తుడుచుకోవాలి. బిగువు బట్టలు కట్టకూడదు. లోపలి బట్టలను చాలామంది సిగ్గుపడి చీర కింద చాటుగా ఆరవేస్తారు. అవి సరిగా ఆరవు. చెమ్మ పోదు. వాటిని తిరగేసి ఎండలో ఆరవేయాలి. ఎండకు సిగ్గు లేదు.

5. తలలో పేలు: పొలం మందు వద్దు

పేలు తలకు తల తగిలితే ఎక్కుతాయి. ఒకే మంచంలో పడుకునే పిల్లలకు, బడిలో పక్కపక్కన కూర్చునే పిల్లలకు ఎక్కుతాయి. మురికిగా ఉన్నవాళ్ళకే పడతాయి అనేది తప్పు. శుభ్రంగా ఉన్న తలకు కూడా పడతాయి.

పేలకు 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ ఉంది. గజ్జి మందు 5 శాతం, పేల మందు 1 శాతం. ఒకే పేరు కదా అని ఒకదానికి బదులు ఒకటి వాడకూడదు. తలంటుకుని, తుడుచుకుని, తడి జుట్టుకు కుదుళ్ళ దాకా లోషన్ పట్టించాలి. పది నిమిషాలు ఉంచి కడగాలి. అన్ని ఈపులూ దీనితో చావవు. ఏడు నుంచి పది రోజుల్లో అవి పేలవుతాయి. అందుకని తొమ్మిదో రోజున మళ్ళీ ఒకసారి రాయాలి.

మందు కొనలేనివాళ్ళకు పేల దువ్వెన ఉంది. జుట్టు తడిపి, నూనె రాసి, పాయలు తీసి, కుదురు నుంచి చివర దాకా దువ్వాలి. మూడు నాలుగు రోజులకు ఒకసారి, రెండు వారాలు వదలకుండా దువ్వాలి. ఓపిక కావాలి. ఖర్చు లేదు.

కొందరు పేలు చావాలని పత్తికి కొట్టే పురుగు మందు తలకు రాస్తారు. ఇది ప్రాణాలతో చెలగాటం. తల మీద గోకిన పుండ్లు ఉంటాయి. వాటి గుండా విషం లోపలికి పోతుంది. పిల్లలకు నోట్లో నురగ వస్తుంది. ఊపిరి ఆడదు. ఎవరైనా అలా రాస్తే వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో కడిగి, 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకుపోవాలి. కిరసనాయిలు కూడా రాయకూడదు. పొయ్యి దగ్గర నిప్పు అంటుకుంటే తల కాలిపోతుంది.

6. చుండ్రు, జుట్టు రాలడం

చుండ్రు కూడా ఒక రకం బూజుతో సంబంధం ఉన్నదే. ఆ బూజు తలలోని జిడ్డు తిని బతుకుతుంది. అందుకే చుండ్రు ఎక్కువగా ఉన్నప్పుడు తల నిండా నూనె పెట్టి రోజుల తరబడి ఉంచకూడదు. కీటోకొనజోల్ 2 శాతం షాంపూతో వారానికి రెండుసార్లు తలంటుకోవాలి. రుద్దగానే కడగకూడదు. ఐదు నిమిషాలు ఉంచాలి. నాలుగు వారాల్లో తగ్గుతుంది. కొన్నాళ్ళకు మళ్ళీ రావచ్చు. అప్పుడు మళ్ళీ వాడాలి.

కాన్పు అయిన రెండు నుంచి నాలుగు నెలలకు చాలామందికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. భయపడనక్కర లేదు. కడుపుతో ఉన్నప్పుడు రాలకుండా ఆగిన జుట్టు ఇప్పుడు రాలుతోంది. కొన్ని నెలల్లో మళ్ళీ మొలుస్తుంది. ఖరీదైన నూనెలు కొనక్కర లేదు. రక్తం తక్కువగా ఉంటే ఐరన్ మాత్రలు వేసుకోవాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు తినాలి.

జుట్టు పలచబడే ఒక రకం జబ్బుకు మినాక్సిడిల్ అనే పూత మందు ఉంది. అది మొదట రక్తపోటుకు మింగే మాత్ర. వేసుకున్నవాళ్ళకు వెంట్రుకలు పెరిగాయి. దాంతో తలకు రాసే మందుగా తయారు చేశారు. అమెరికాలో 1988లో మగవాళ్ళకు, 1991లో ఆడవాళ్ళకు అనుమతి ఇచ్చారు. అది పనిచేసిందో లేదో తెలియడానికి నాలుగు నెలలైనా పడుతుంది. మానేస్తే వచ్చిన జుట్టు మళ్ళీ పోతుంది. గర్భిణీలు వాడకూడదు.

పిల్లల తల మీద ఒకచోట జుట్టు ఊడి, పొట్టు లేస్తుంటే అది తల తామర కావచ్చు. అక్కడ బూజు వెంట్రుకలోకి దిగుతుంది. పూత మందు అందదు. కొన్ని వారాలు మింగే మందు కావాలి.

7. ఈ మచ్చకు పూత రాస్తూ కూర్చోవద్దు

ఒంటి మీద పాలిపోయిన మచ్చ గాని, రాగి రంగు మచ్చ గాని ఉంది. దురద లేదు. నొప్పి లేదు. దూదితో తాకితే తెలియడం లేదు. వేడి, చల్లదనం తెలియడం లేదు. అది కుష్ఠు కావచ్చు. దీనికి ఏ ట్యూబూ పనిచేయదు. క్రిమి నరాల్లో ఉంటుంది. సర్కారు ఆసుపత్రిలో మాత్రలు ఉచితంగా ఇస్తారు. జబ్బు రకాన్ని బట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని మింగాలి. పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే వేళ్ళు వంకర పోతాయి. సిగ్గుపడి దాచుకున్న ప్రతి నెలా నష్టమే.

8. రంగు తెచ్చే క్రీములు

కొన్ని దొంగ క్రీముల్లో పాదరసం కలుపుతారు. చర్మం కొన్నాళ్ళు తెల్లగా కనపడుతుంది. పాదరసం ఒంట్లోకి పోయి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు రాసినవాళ్ళకు మూత్రపిండాల జబ్బు వచ్చిందని 2023లో డాక్టర్లు బయటపెట్టారు. తయారు చేసినవాళ్ళ పేరు, అడ్రసు లేని క్రీము కొనకూడదు. నలుపు జబ్బు కాదు. దానికి మందు అక్కర లేదు.

9. ట్యూబు మీద ఏం చదవాలి?

మీకు ఇప్పుడు చదువు వచ్చింది. అంకెలు వచ్చాయి. ట్యూబు చేతిలోకి తీసుకోగానే నాలుగు విషయాలు చూడండి.

అసలు మందు పేరు: కంపెనీ పెట్టిన పేరు పెద్దగా ఉంటుంది. అసలు మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్లల చేత చదివించండి. స్టెరాయిడ్ ఉందా అని షాపాయనను గట్టిగా అడగండి.

శాతం: 1 శాతమా, 2 శాతమా, 5 శాతమా చూడండి.

గడువు: నెల, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. గడువు దాటిన మందు తిరిగి ఇచ్చేయండి.

ఎర్ర గీత: ఎర్ర గీత ఉన్న మందు డాక్టరు చెబితేనే వాడాలి.

మీరు గర్భిణీ అయితే, బిడ్డకు పాలు ఇస్తుంటే ఆ మాట ముందే చెప్పండి.

గుర్తుంచుకోండి

• జబ్బు తెలియకుండా మందు రాయకూడదు.
• గజ్జికి ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. వారానికి మళ్ళీ రాయాలి.
• తామర మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి.
• తామరకు స్టెరాయిడ్ ట్యూబు రాయకూడదు.
• పేలకు పొలం మందు, కిరసనాయిలు రాయకూడదు.
• స్పర్శ లేని మచ్చను వెంటనే చూపించాలి.

మాట్లాడుకోండి

1. చిన్నోడికి మూడుసార్లు మందు రాసినా గజ్జి ఎందుకు తగ్గలేదు?
2. దురద తగ్గడం, జబ్బు తగ్గడం ఒకటేనా? ఎందుకు?
3. మీ ఊళ్ళో పేలకు ఏమేం రాస్తారు? వాటిలో ప్రమాదం ఉన్నవి ఏవి?
4. చర్మం మీద మచ్చ వస్తే ఆడవాళ్ళు ఎందుకు దాచుకుంటారు? సంఘంలో మాట్లాడండి.

లెక్క చేయండి

ఒక ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళు ఉన్నారు. గజ్జి ట్యూబు 50 రూపాయలు అనుకోండి. ఒక్కొక్కరికి ఒకసారికి ఒక ట్యూబు కావాలి. రెండుసార్లు రాయాలి. మొత్తం ఎన్ని ట్యూబులు? ఎంత ఖర్చు?

అదే ఇంట్లో ఒక్కరే రాసుకుంటే రెండు ట్యూబులు చాలు. కానీ గజ్జి తిరగబెట్టి ఏడాదిలో ఐదుసార్లు కొనాల్సి వచ్చింది. అప్పుడు ఎంత ఖర్చు? ఏది లాభం?

రాయండి

మీ ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ తెచ్చి ముందు పెట్టుకోండి. ఒక్కొక్క దాని గడువు నెల, సంవత్సరం మీ నోటుపుస్తకంలో రాయండి. గడువు దాటినవి ఎన్నో లెక్కపెట్టండి.